అంబులెన్స్‌లో ఆరేళ్లుగా వాడుతున్న స్టెతస్కోపు

పల్నాడు వైపు 108లో ఈఎంటీగా, అంటే బండిలో రోగికి అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. లిట్‌మన్ క్లాసిక్ త్రీ అనే స్టెతస్కోపు కొని ఆరేళ్లు దాటింది. ఆ నెల జీతంలో దాదాపు సగం దానికే పోయింది. అంతకుముందు వాడింది మందుల షాపులో దొరికిన చవక రకం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో బీపీ చూడటానికి అది చాలు. ఇంజన్ మోత, సైరన్, బంధువుల ఏడుపుల మధ్య మాత్రం దాంతో ఊపిరి చప్పుడు పట్టుకోలేకపోయేవాణ్ణి.

తేడా బాగా తెలిసింది పురుగుల మందు కేసుల్లో. మిర్చి, పత్తి పండే ఊళ్లు మావి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగినవాళ్ల ఛాతీ నిండా స్రావాలు చేరి గురగురలాడుతుంది, పిల్లికూతలు వినిపిస్తాయి. ఫోన్‌లో డాక్టర్ గారు విరుగుడు మందు అట్రోపిన్ డోసు చెప్తారు, కాసేపాగి "చెస్ట్ క్లియర్ అయిందా?" అని అడుగుతారు. నాడి, కనుపాప కూడా చూస్తాం కానీ, తర్వాతి డోసుకు ముఖ్యమైన ఆధారం ఊపిరితిత్తులే. వీపు వైపు కింది భాగం దాకా పెట్టి విని, ధైర్యంగా "ఇంకా ఉంది సార్" అని చెప్పగలుగుతున్నది ఇది కొన్నాకే.

దీని డయాఫ్రమ్‌ను, అంటే ఒంటికి ఆనించే బిళ్ల మీది పలుచని పొరను, తేలిగ్గా ఆనిస్తే బొంగురు శబ్దాలు, గట్టిగా నొక్కితే సన్నటి శబ్దాలు వినిపిస్తాయి. రెండో వైపున్న చిన్న డయాఫ్రమ్ పసిబిడ్డలకు. బండిలోనే కాన్పు అయినప్పుడు దాని విలువ తెలిసింది. బిడ్డ గుండె చప్పుడు ఆరు సెకన్లు లెక్కపెట్టి పదితో గుణిస్తాం. వందకు తగ్గితే వెంటనే చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ అందుకోవాలి. పెద్ద డయాఫ్రమ్ ఆ చిన్న ఛాతీ మీద సరిగ్గా కూర్చోదు.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. గతుకుల రోడ్డు మీద బండి పోతుంటే ఏ మామూలు స్టెత్‌తోనూ బీపీ నమ్మకంగా వినలేం. అప్పుడు మణికట్టు నాడి పట్టుకుని పై బీపీ ఒక్కటే చూస్తాను. ఊపిరి వినాల్సి వస్తే "అన్నా, ఒక్క నిమిషం ఆపు" అని పైలట్‌కు, అంటే బండి డ్రైవర్‌కు చెప్తాను.

లిట్‌మన్‌లోనే పై రకం కార్డియాలజీ ఫోర్ కొనమని కొందరన్నారు. అది ఇంకా బరువు, ఖరీదు కూడా ఎక్కువే. గుండెలో మర్మర్లు అనే అసాధారణ శబ్దాలు తేల్చే పని మాది కాదు, ఆ డబ్బు నేను పెట్టను. కొనేటప్పుడు చూడాల్సింది చెవిలో పెట్టుకునే ఇయర్ టిప్స్. చెవి రంధ్రాన్ని పూర్తిగా మూయాలి, ముక్కు వైపు తిరిగి ఉండాలి. వెనక్కి తిప్పి పెట్టుకుని "ఏం వినపడటం లేదు" అనే కొత్తవాళ్లను చాలామందిని చూశాను. సైజు సరిపోకపోతే ఎంత మంచి స్టెత్ అయినా దండగే. నకిలీలు చాలా తిరుగుతున్నాయి కాబట్టి లోహపు భాగం మీద సీరియల్ నంబరు చూసుకోండి.

మొదటి రెండేళ్లు దీన్ని ఒట్టి మెడ మీదే వేసుకున్నాను. చెమటకు, జిడ్డుకు ట్యూబ్ మెత్తదనం తగ్గింది, ఆ తప్పు నాదే. ఇప్పుడు కాలర్ మీదే వేసుకుంటున్నాను, ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదలను. ప్రతి కేసు తర్వాత స్పిరిట్ స్వాబ్‌తో తుడుస్తాను, నీళ్లలో ముంచను. కిట్‌లో ఒక జత ఇయర్ టిప్స్ అదనంగా పెట్టుకుంటాను. రాత్రి డ్యూటీలో ఒకటి ఊడిపోతే తెల్లారేదాకా ఎక్కడా దొరకదు.