పూల్‌కు స్టాఫ్: వేసవి కుర్రాళ్లా, ఏజెన్సీ వాళ్లా, ఏడాదంతా ఉండేవాళ్లా?

మార్చి వచ్చిందంటే కర్నూలులో స్విమ్మింగ్ పూల్ నడిపేవాళ్లకు ఒకటే టెన్షన్. పిల్లలు వస్తారు, ఫీజులు కడతారు. గట్టు మీద నిలబడే మనుషులే దొరకరు. నంద్యాల రోడ్డు వైపు మా బావ వాళ్లకు 25 మీటర్ల పూల్, పక్కనే రెండు షటిల్ కోర్టులు ఉన్నాయి. స్టాఫ్ వ్యవహారం మూడేళ్లుగా నా నెత్తినే ఉంది. మూడు దారులూ తొక్కి చూశాను.

మొదటిది అందరూ చేసేదే. ఏప్రిల్ నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా కుర్రాళ్లను పెట్టుకోవడం. మనకు ఈతగాళ్లకు కరువు లేదు. ఊరి మధ్యలోంచి కేసీ కెనాల్ పోతుంది, పక్కనే తుంగభద్ర, పల్లెల్లో బావులు. నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని ఏడేళ్లకే ఈత నేర్చినవాళ్లు బోలెడుమంది. జీతం తక్కువ, పిలిస్తే రేపే వస్తారు. నేనూ మొదటి ఏడాది ఆరుగురిని అలాగే తీసుకున్నాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఎందుకో అనుమానం వచ్చింది. ఐదు లీటర్ల నూనె క్యాన్‌లో ఇసుక నింపి, మా వాడి పాత ఎర్ర టీషర్టు తొడిగి, ఎవరూ చూడకుండా నాలుగడుగుల లోతులో వదిలాను. డ్యూటీలో ఉన్నది అందరికంటే బాగా ఈదే సుంకేసుల వైపు పిల్లోడు. కుర్చీలో కూర్చుని నీళ్ల వైపే చూస్తున్నాడు. కానీ చూపంతా అవతలి కొసన పల్టీలు కొడుతున్న వాళ్ల మీద. వాచీలో నిమిషం దాటింది. నిమిషం నలభై సెకన్లకు ఒక బాబు కాలికి క్యాన్ తగిలి, వాడు అరిస్తే అప్పుడు లేచాడు.

"ఏంది సార్, క్యాన్ కోసం దుంకాల్నా?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నిజంగా మునిగే పిల్ల అరవదు. నోరు నీటి మట్టానికి వచ్చీ పోతూ ఉంటే ఊపిరికే దిక్కుండదు, ఇంక కేక ఎక్కడిది? ఊపిరి అందక నాలుగైదు నిమిషాలైతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే లైఫ్‌గార్డులకు నేర్పే లెక్క ఒకటుంది: తన వాటా నీళ్లన్నీ 10 సెకన్లలో ఒకసారి కళ్లతో తుడవాలి, ఆపదలో ఉన్న మనిషిని 20 సెకన్లలో చేరాలి. మా పిల్లోడు తుంగభద్రను ఈది దాటగలడు. కుర్చీలో కూర్చుని గంటసేపు చూడటం మాత్రం వాడికి ఎవరూ నేర్పలేదు. తప్పు నాది.

కోచ్ ఉన్నాడు కదా, అతనే చూసుకుంటాడు అనేది ఇంకో అలవాటు. పటియాలాలో కోచింగ్ డిప్లొమా చేసినవాడు ఈత నేర్పడంలో దిట్ట, కాదనను. కానీ పదిమందికి కాళ్లు కొట్టడం నేర్పేవాడు వెనక్కి తిరిగి మిగతా నీళ్లను ఎప్పుడు చూస్తాడు?

రెండో ఏడాది, లైఫ్‌గార్డులను పంపే ఏజెన్సీ నుంచి మనిషిని తెచ్చుకున్నాం. సర్టిఫికెట్ ఉంది, విజిల్ ఉంది, పని కూడా వచ్చు. అయితే గది, భోజనం మనమే చూసుకోవాలి. నెలకోసారి మనిషి మారతాడు. 42 డిగ్రీల ఎండలో ఒకతను పది రోజులకే బ్యాగు సర్దుకున్నాడు. కొత్తగా తెరిచే పెద్ద వాటర్ పార్కుకైతే తొలి ఏడాదికి ఇదే మేలు. మాలాంటి చిన్నదానికి కాదు.

పైగా లైఫ్‌గార్డ్ ఫిల్టర్ రూమ్‌లోకి రాడు. అసలు పూల్ ప్రాణం అక్కడే ఉంది. క్రిములను చంపడానికి నీళ్లలో మిగిలి ఉండే ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒకటి నుంచి మూడు పాళ్లు) మధ్య, నీటి ఆమ్ల-క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు, ఇక క్లోరిన్ ఎంత? పొద్దున సరిగ్గా ఉన్నది మధ్యాహ్నానికి ఆవిరైపోతుంది. పూటపూటకూ చూసి, రాసి పెట్టే మనిషి కావాలి. మా ఊళ్లోనే ఇంకో పూల్‌లో ఒక సీజన్ కుర్రాడు తెలియక బ్లీచింగ్ బకెట్‌లో యాసిడ్ పోశాడు. లేచిన గ్యాస్‌కు దగ్గుతూ బయటికి పరిగెత్తి బతికిపోయాడు.

మూడో దారి, ఇద్దరిని ఏడాదంతా ఉంచుకోవడం. లెక్క వేస్తే గుండె జారుతుంది. ఆరుగురు కుర్రాళ్లు, మూడు నెలలు, తలా 10,000 అనుకుంటే 1,80,000. ఇద్దరికి నెలకు 13,000 చొప్పున పన్నెండు నెలలు, వాళ్లకు తోడు వేసవికి నలుగురు కుర్రాళ్లు అంటే 4,32,000. తేడా రెండున్నర లక్షల పైమాటే. బావ కాగితం చూసి, "నువ్వు నా పూల్ నడుపుతున్నావా, ముంచుతున్నావా?" అన్నాడు.

అయినా నేను దీనికే ఓటేస్తాను. ఆ ఇద్దరిలో ఒకామె మా దగ్గరే ఈత నేర్చుకుంది. ఆమె ఉందన్న ధైర్యంతోనే లేడీస్ బ్యాచ్ మొదలైంది. అంతకుముందు ఎన్నిసార్లు బోర్డు పెట్టినా నలుగురికి మించి రాలేదు. ఇప్పుడు ఆ ఫీజులతో తేడాలో సగం పైనే పూడుతోంది. చలికాలంలో పూల్ ఖాళీగా ఉంటే ఆ ఇద్దరే షటిల్ కౌంటర్ చూస్తారు, ఫిల్టర్‌లోకి నీళ్లు వెనక్కి వదిలి మురికి కడిగే బ్యాక్‌వాష్ చేస్తారు, వారానికోసారి బొమ్మ మీద సీపీఆర్ (ఊపిరి ఆగినవాళ్లకు గుండె నొక్కి, నోటితో ఊపిరి ఊదడం) ప్రాక్టీస్ చేస్తారు: 30 నొక్కులు, 2 ఊపిర్లు. ఇద్దరినీ లైఫ్‌గార్డ్ కోర్సుకు పంపాలని ఉంది. పుణెలోని రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ ఈ శిక్షణ ఇస్తుంది. ఆ ఖర్చుకు బావ ఇంకా ఊ కొట్టలేదు.

వేసవి కుర్రాళ్లను పూర్తిగా మానలేదు. కాకపోతే మార్చిలోనే పిలిచి, జీతమిచ్చి, రెండు వారాలు ఆమె పక్కన కూర్చోబెడుతున్నాం. క్యాన్ వేసిన రోజు ఆమె తొమ్మిది సెకన్లకే పట్టేసింది. సుంకేసుల పిల్లోడు ఈ ఏడాది మళ్లీ వచ్చాడు. రోజూ డ్యూటీ ఎక్కేముందు ఫిల్టర్ రూమ్‌లోకి తొంగి చూస్తాడు, ఎర్ర టీషర్టు మేకుకే ఉందా లేదా అని. అందుకే నీలం చొక్కా ఇంకొకటి కొని కారు డిక్కీలో పెట్టుకున్నాను.