కొషిత్సెలో కబుర్లకు సరిపడే స్లొవాక్: ఒక వాక్యాల యాప్‌పై దీర్ఘకాల వినియోగ సమీక్ష

స్లొవేకియా తూర్పు ప్రాంతంలోని కొషిత్సె నగరంలో ఉద్యోగం చేస్తున్న నాకు ఆఫీసు పనంతా ఇంగ్లిషులోనే సాగిపోతుంది. అయినా మధ్యాహ్న భోజనాల బల్ల దగ్గర, వీధి చివరి దుకాణంలో, లిఫ్టులో నోరు మెదపలేకపోవడం నచ్చక ఈ యాప్‌కు చందా కట్టాను. వ్యాకరణం జోలికి పోకుండా, స్లొవాక్‌లు తమలో తాము మాట్లాడుకునే చిన్న చిన్న వాక్యాలను సందర్భాల వారీగా వినిపించి మనచేత పలికించడం దీని పద్ధతి. సుమారు 54 లక్షల జనాభా గల దేశపు భాష కావడంతో ఈ భాషకు దొరికే సాధనాలు తక్కువ, ఎంచుకోవడానికి పెద్దగా అవకాశం లేదు. చాలాకాలం వాడిన తర్వాత నా అభిప్రాయం ఇది: విని పలకడం నేర్పడంలో ఈ యాప్ మేలైనదే, కానీ ఏ మాటను ఎవరితో అనవచ్చో చెప్పకపోవడం దీని ప్రధాన లోపం.

ముందుగా మెచ్చుకోదగినది చెబుతాను. ప్రతి వాక్యాన్నీ స్థానికుల గొంతుతో ఒకసారి మామూలు వేగంతో, ఒకసారి నిదానంగా వినిపిస్తారు. స్లొవాక్‌లో హ్రస్వదీర్ఘాల తేడా చాలా ముఖ్యం, అచ్చులో దీర్ఘాన్ని అక్షరంపై గీతతో చూపిస్తారు. ఈ తేడా తెలుగువారికి పుట్టుకతోనే వచ్చినది కాబట్టి మనం ప్రత్యేకంగా సాధన చేయవలసిన పని లేదు. ర, ల ధ్వనులు అచ్చుల్లా నిలిచే పదాలు ఆ భాషలో ఉన్నాయి, వాటికి దీర్ఘరూపాలు కూడా ఉన్నాయి. మన వర్ణమాలలో ఋ, ౠ, ఌ, ౡ అక్షరాలను చూసి ఇవి ఎందుకున్నాయా అనుకున్నవారికి, విల్లో చెట్టును ఇక్కడివారు 'వౄబ' అనడం విన్నప్పుడు సరదాగా ఉంటుంది. మనకు నిజంగా కష్టమయ్యేది ద, త, న, ల అక్షరాలు 'ఎ', 'ఇ' ల ముందు మెత్తబడడం, అంటే ద్య, త్య లాగా వినిపించడం. రాతలో గుర్తు లేకపోయినా నోట్లో ఆ మార్పు వస్తుంది కాబట్టి, చదివి నేర్చుకున్నవారు తప్పకుండా తడబడతారు. ఈ ఒక్క విషయంలోనే యాప్‌కు కట్టిన డబ్బు గిట్టుబాటయిందని చెప్పగలను.

వాక్యాల ఎంపిక కూడా పుస్తకాల వాసన లేకుండా ఉంది. 'అకొ స మాష్?' అని కుశలమడిగితే 'బాగున్నాను, ధన్యవాదాలు' అనే బడి పిల్లల జవాబుతో ఆగిపోకుండా, ఏదో నడుస్తోందనే అర్థంలో 'ఉయ్‌ద్యె తొ' అనీ, అంతగా బాగాలేకపోతే 'నిచ్ మొత్స్' అనీ అనడం నేర్పుతుంది. సరే అనడానికి 'హెయ్', ఫరవాలేదు అనడానికి 'ఫ్ పొహొద్యె', హోటల్లో ఏదైనా తెప్పించుకోవడానికి 'దామ్ సి' వంటివి నేను రోజూ వాడతాను. పక్క బల్ల మీద భోంచేస్తున్న అపరిచితులకు సైతం 'దొబ్రూ ఖుత్య్' అనడం ఇక్కడి మర్యాద అనే సంగతి కూడా మొదటి పాఠాల్లోనే ఉంది. తెలుగులో 'వెళ్తున్నాను' అంటే 'నేను' అని విడిగా చెప్పనక్కర్లేనట్టే, స్లొవాక్‌లోనూ క్రియారూపమే కర్తను చూపిస్తుంది. ఇంగ్లిషు మీదుగా తయారైన వాక్యసంకలనాలు చాలావాటిలో సర్వనామం అనవసరంగా వచ్చి చేరుతుంది, ఇందులో ఆ పొరపాటు లేదు.

ఇక లోపం. స్లొవాక్‌లో నువ్వు అని పిలవడాన్ని తికనియె అనీ, మీరు అని పిలవడాన్ని వికనియె అనీ అంటారు. గౌరవించవలసిన వ్యక్తి ఒక్కరే అయినా క్రియ బహువచనంలోనే ఉంటుంది. పొరుగున ఉన్న చెక్ భాషలో భూతకాలపు రూపం ఇలాంటిచోట ఏకవచనంలోనే నిలుస్తుంది గానీ, స్లొవాక్‌లో మన 'మీరు వచ్చారు' లాగానే అంతా బహువచనమే. అంటే తెలుగువారికి ఈ విభజన కొత్తది కాదు, దాన్ని ఒక్క వాక్యంలో చెప్పినా అందుకుంటాం. యాప్ మాత్రం 'అహొయ్', 'చౌ' అనే పలకరింపులను, 'దొబ్రీ ద్యెన్' అనే మర్యాదపూర్వకమైన పలకరింపును ఒకే వరుసలో పెట్టి వదిలేస్తుంది. పై అంతస్తులోని పెద్దావిడకు 'చౌ' అనకూడదని, పరిచయం పెరిగాక నువ్వు అనుకుందామని ప్రతిపాదించవలసింది వయసులోనో హోదాలోనో పెద్దవారేనని, కొండదారుల్లో మాత్రం ముక్కూ మొహం తెలియనివారు సైతం 'అహొయ్' అనుకోవడం మామూలేనని నేను సహోద్యోగులను అడిగి తెలుసుకోవలసి వచ్చింది. పిల్లలు బంధుత్వం లేని పెద్దవారిని కూడా 'త్యెత', 'ఉయొ' అని, అంటే పిన్ని, మామయ్య వంటి వరసలతో పిలుస్తారన్న సంగతి మనవారికి వెంటనే నచ్చుతుంది, కానీ అదీ ఇందులో లేదు.

మరొక లోపం స్త్రీలకు ఎక్కువగా తగులుతుంది. ఉత్తమపురుషలో మాట్లాడుతున్నప్పుడు కూడా స్లొవాక్‌లో లింగభేదం ఉంటుంది. 'అలసిపోయాను' అని పురుషుడు 'సొమ్ ఉనవెనీ' అంటే స్త్రీ 'సొమ్ ఉనవెనా' అనాలి. తెలుగులో 'అలసిపోయాను' అందరికీ ఒక్కటే కాబట్టి మన చెవి ఆ తేడాను పట్టుకోదు. యాప్‌లో చాలా వాక్యాలు పురుషరూపంలోనే ఉన్నాయి, వాటిని స్త్రీ గొంతుతో చదివించిన సందర్భాలు కూడా ఎదురయ్యాయి. నిర్వాహకులకు రాస్తే సమాధానం వచ్చింది గాని సవరణ రాలేదు.

కొషిత్సెలో ఉండేవారు మరొకటి గమనించాలి. 1843లో లుదొవీత్ ష్తూర్ రూపొందించిన ప్రామాణిక భాషకు మధ్య స్లొవేకియా మాండలికాలు ఆధారం. తూర్పు మాండలికాల్లో దీర్ఘాచ్చులు ఉండవు, ఊనిక, అంటే పలికేటప్పుడు వేసే ఒత్తు, పదం మొదటి అక్షరం మీద కాక చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. యాప్‌లో ప్రామాణిక ఉచ్చారణ మాత్రమే ఉంది. బజారులో ముసలివాళ్ల మాట మొదట్లో అర్థం కాకపోతే కంగారుపడవలసింది లేదు, వారికి మన మాట బాగానే అర్థమవుతుంది.

వ్యాకరణం కావలసినవారు 2011లో మొదలైన స్లొవేక్ అనే ఉచిత సైటును దీనితో పాటు వాడుకోవచ్చు, నేను అదే చేశాను. ఉద్యోగానికి వచ్చి తోటివారితో కలిసిపోవాలనుకునే వారికి ఈ యాప్‌ను సిఫారసు చేస్తాను. ఇక్కడి షఫారిక్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు మాధ్యమంలో వైద్యం చదవడానికి వచ్చే విద్యార్థులు మాత్రం వికనియె రూపాలను వేరేచోట గట్టిగా నేర్చుకున్న తర్వాతే దీన్ని తెరవాలి. ఆసుపత్రిలో వృద్ధులైన రోగులతో మాట్లాడేటప్పుడు ఇందులోని వాక్యాల్లో సగానికి పైగా పనికిరావు.