ఈపీ09 వెనక వార్సాకి: ఏది చూడొచ్చు, ఏది వదిలేయొచ్చు

పోలండ్‌లో ఉన్న మనవాళ్లు క్రాకోవ్ నుంచి వార్సా వెళ్లాలంటే కళ్లు మూసుకుని పెండొలీనో అనే హైస్పీడ్ రైలు బుక్ చేస్తారు. రెండున్నర గంటల లోపే దింపేస్తుంది, శుభ్రంగా ఉంటుంది, ఒక టీ కూడా ఇస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం నేను చెప్పేది వేరు. ఇంకా వీలున్నప్పుడే ముందు ఈపీ09 ఇంజను తగిలించిన మామూలు ఐసీ (ఇంటర్‌సిటీ) రైలో, టీఎల్‌కే అనే చవక రకం దూరప్రయాణ రైలో చూసుకుని ఎక్కండి. అరగంట అటూ ఇటూ తేడా, టికెట్ చాలాసార్లు సగమే.

ఈపీ09 అంటే పోలండ్ సొంతంగా తయారు చేసుకున్న 160 కి.మీ. ఎక్స్‌ప్రెస్ ఎలక్ట్రిక్ ఇంజను. అక్కడి రైల్వే అభిమానులు దీన్ని ఎపోకా అంటారు. మొత్తం చేసినవి 47. మొదటిది 1986లో, చివరిది 1997లో బయటికొచ్చాయి. నాలుగు ఇరుసులు, 83.5 టన్నులు, 2920 కిలోవాట్లు, అంటే దాదాపు 3,900 హార్స్‌పవర్. లాలాగూడ షెడ్డు డబ్ల్యూఏపీ-4 ఎలక్ట్రిక్ ఇంజన్లు చూస్తూ పెరిగిన నాకు మొదట చిన్నగానే అనిపించింది, మనది ఆరు ఇరుసులు, 112 టన్నుల పైమాటే, 5,000 హార్స్‌పవర్. ఒక్కటి మర్చిపోకూడదు, మనవాళ్లు లాగేది ఇరవై పైచిలుకు పెట్టెలు, వీళ్లు లాగేది చాలావరకు పదో, అంతకంటే తక్కువో.

నేను వ్రోత్స్వాఫ్ నుంచి మొదలుపెట్టా, ఎందుకంటే ఈ ఇంజను పుట్టిల్లు అదే. పఫావాగ్ ఫ్యాక్టరీ. యుద్ధానికి ముందు, ఆ ఊరు జర్మనీలో ఉన్నప్పుడు, లింకె-హాఫ్‌మన్ కంపెనీ పెట్టెలు చేసిన చోటు. 1945 తర్వాత పోలండ్ ప్రభుత్వ వ్యాగన్ ఫ్యాక్టరీ అయింది. మన ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో ఎల్, హెచ్ అక్షరాలు ఆ లింకె-హాఫ్‌మన్‌వే, తెలిసినవాళ్లు కాస్త నవ్వుకోవచ్చు. 1997లో, అంటే చివరి ఈపీ09 వెళ్లిన ఏడాదే, ఫ్యాక్టరీని ఆడ్‌ట్రాన్జ్ కొనేసింది, తర్వాత బొంబార్డియర్, ఇప్పుడు ఆల్స్టామ్. లోపలికి మామూలు జనాన్ని రానివ్వరు, గోడ చూడ్డానికి ట్రామ్ ఎక్కి అంత దూరం వెళ్లక్కర్లేదు. దానికి బదులు వ్రోత్స్వాఫ్ మెయిన్ స్టేషన్‌లో గంట కూర్చోండి. 1857 నాటి నారింజ రంగు కోటలాంటి భవనం, 2012 యూరో ఫుట్‌బాల్ పోటీలకి బాగుచేశారు. ఆ ప్లాట్‌ఫారాల మీద మీకు ఎక్కువగా కనిపించేవి ఈయూ07, ఈపీ07 ఇంజన్లు. వాటి డిజైన్ మూలం ఇంగ్లండ్. 1960ల మొదట్లో ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ కంపెనీ నుంచి 20 ఇంజన్లు తెప్పించుకుని, లైసెన్సు తీసుకుని, అదే పఫావాగ్‌లో వందల్లో చేశారు. పిల్లలతో వెళ్తే ఊళ్లో వీధుల్లో దాచిపెట్టిన కంచు మరుగుజ్జు బొమ్మలు వెతుక్కోవచ్చు, వాళ్లకి రైలు కంటే అవే నచ్చుతాయి.

అసలు కథ మాత్రం రైలు పట్టాల దగ్గర ఉంది. 1970ల్లో గియెరెక్ కమ్యూనిస్టు పార్టీ నాయకుడిగా ఉన్న రోజుల్లో దక్షిణాన ఉన్న సైలీషియా బొగ్గుని ఉత్తరానికి పంపడానికి కొత్త లైను ఒకటి వేశారు, సీఎంకే అంటారు, జవెర్చె నుంచి వార్సా పక్కన గ్రొజిస్క్ దాకా 224 కి.మీ. 1971లో మొదలుపెట్టి 1977కి పూర్తి చేశారు. ఊళ్లని తప్పించుకుంటూ, మలుపులు 250 కి.మీ. వేగానికి సరిపోయేలా వేశారు. పట్టాలు రెడీ, వాటికి తగ్గ ఇంజనే లేదు! ఈపీ08 అని 15 తీశారు, అవి 140 దాటవు. 160 అంటే చేతిలో ఉన్నవి 1961లో చెకొస్లొవాకియా స్కోడా నుంచి కొన్న పాతవి, గేర్ నిష్పత్తి మార్చి ఈపీ05 అని పేరు పెట్టి వాటితో నెట్టుకొచ్చారు. కొత్త ఇంజను కాగితాల మీద ఉండగానే దేశం అప్పుల్లో పడింది, సమ్మెలు, మార్షల్ లా, సరుకు దొరక్కపోవడం, అన్నీ కలిసి లైను తయారైన తొమ్మిదేళ్లకి గానీ మొదటి ఈపీ09 బయటికి రాలేదు. వరసగా తయారీ 1988లో మొదలయింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వమే మారిపోయింది, జనం కార్లు కొనడం మొదలుపెట్టారు, ఇక 47 దగ్గర ఆగింది. నా దృష్టిలో ఇది చెడ్డ ఇంజను కాదు, ఆలస్యంగా వచ్చిన ఇంజను. పక్క దేశాల్లో ఎలక్ట్రానిక్ కంట్రోల్ వచ్చేసిన కాలంలో దీనికి ఇంకా రెసిస్టర్లే, బయల్దేరేటప్పుడు కరెంటులో కొంత వేడిగా గాల్లోకి పోవాల్సిందే. పైగా పోలండ్ వైర్లలో 3,000 వోల్టుల డీసీ. పూర్తి పవర్ మీద వెయ్యి ఆంపియర్ల దాకా లాగాలి, మన 25,000 వోల్టుల లైన్లో అంత పవర్‌కి 120 ఆంపియర్లు చాలు.

క్రాకోవ్‌లో బస గురించి. స్టేషన్‌కి ఆనుకుని పెద్ద షాపింగ్ మాల్ ఉంది, చుట్టుపక్కల హాస్టళ్లు, అద్దె అపార్ట్‌మెంట్లు బోలెడు. నేను దిగిన అపార్ట్‌మెంట్ ఫొటోల్లో కిచెన్ చూపించారు, తీరా చూస్తే ఒక కెటిలూ రెండు కప్పులూ, అన్నం వండుకుందామనుకున్న ప్లాన్ అక్కడే పోయింది. స్టవ్ ఉందా అని ముందే మెసేజ్ పెట్టి అడగండి. స్టేషన్ దగ్గర కంటే కజిమియెజ్ పేటలో ఉండటం మేలు, నడిచి ఇరవై పాతిక నిమిషాలు, ట్రామ్ కూడా ఉంది, తినడానికి దొరుకుతుంది. శాకాహారులకి ఊరంతా దిక్కు పీరోగి రుస్కీ, లోపల బంగాళదుంప, పెరుగు జున్ను. పైన వేపిన పందికొవ్వు ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పండి. పాల బార్లు అని పాత కాలం క్యాంటీన్లు ఉన్నాయి, చవక, రుచి కూడా బానే ఉంటుంది, కాకపోతే ప్లేటు ఖాళీ అవగానే లేవాలి.

క్రాకోవ్ నుంచి దక్షిణంగా హబూఫ్కాలో పాత రైళ్ల మ్యూజియం ఉంది, ఆవిరి ఇంజన్లు ఎక్కువ. ఆవిరి అంటే ఇష్టముంటే రోజు కేటాయించండి, ఎలక్ట్రిక్ కోసం అయితే అంత అవసరం లేదు. ఆ దారిలో ట్రాక్ పనులు జరుగుతుంటాయి, బదులు బస్సులు వేస్తారు, టైమ్ టేబుల్ చూసుకోండి.

ఇక ప్రయాణం. పాత కూపే పెట్టె, కారిడార్ ఒక పక్క, కిటికీ కిందికి లాగితే తెరుచుకుంటుంది. వేసవిలో ఏసీ లేని పెట్టె వస్తే చెమటలే, కానీ ఇంజను చప్పుడు వినాలంటే ఆ కిటికీయే కావాలి, కాబట్టి మొదటి పెట్టెలో సీటు తీసుకోండి. క్రాకోవ్ నుంచి కొంత దూరం వంకరలు, నెమ్మది. సీఎంకే ఎక్కే ముందు ష్చెకొచీనీ ప్రాంతం వస్తుంది. 2012 మార్చి 3న రెండు రైళ్లు ఒకే పట్టా మీదికి ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నది అక్కడే, 16 మంది పోయారు. అందులో ఒక రైలుకి ఉన్న ఇంజను ఈపీ09-035. నా కూపేలో ఉన్న పెద్దావిడ అటు చూసి శిలువ గుర్తు వేసుకుంది, నేనూ మాట్లాడకుండా కూర్చున్నా.

సీఎంకే మీదికి రాగానే తేడా తెలిసిపోతుంది. రైలు నిదానంగా, పట్టుదలగా వేగం అందుకుంటుంది, 160కి చేరాక ఇక ఊగదు, అడవులూ పొలాలూ తప్ప ఊళ్లే కనపడవు. మధ్యలో వ్వొష్చొవా ఉత్తర స్టేషన్ వస్తుంది, పదివేల జనాభా ఉన్న చిన్న ఊరికి 2006లో హైస్పీడ్ లైన్ మీద హాల్ట్ ఇచ్చారు, ఆ ప్రాంతం రాజకీయ నాయకుడు గొషెఫ్‌స్కి పట్టుబట్టి వేయించాడని దేశమంతా జోకులు వేసింది. మన దగ్గర ఎంపీలు ఎక్స్‌ప్రెస్‌లకి హాల్ట్ అడిగినట్టే! మొన్నటిదాకా నవ్వినవాళ్లే ఇప్పుడు అక్కడ ఎక్కీ దిగీ వెళ్తున్నారు. 2014 డిసెంబర్ నుంచి ఇదే పట్టాల మీద పెండొలీనోలు 200లో వెళ్తున్నాయి, 2013 నవంబర్ టెస్టులో ఒకటి 293 అందుకుంది. ఎపోకాకి ఎన్ని మరమ్మతులు చేసినా 160 పైన గడియ కూడా నడపరు. కొత్తగా నెవాగ్ కంపెనీ గ్రిఫిన్ ఇంజన్లు కూడా వచ్చాక వీటిని ఒక్కొక్కటిగా పక్కన పెడుతున్నారు.

రైల్లో భోజనం వార్స్ అనే డైనింగ్ పెట్టెలో. ఇది నిజంగా బాగుంటుంది, గుడ్లు, ష్నిట్జెల్ అక్కడే వండుతారు, వాసన కారిడార్ దాకా వస్తుంది. ధర బయటి హోటల్ అంత ఉంటుంది. మీ కూపేలో కూర్చుని తినడం కంటే ఆ పెట్టెలోకే వెళ్లి కిటికీ పక్కన తినండి.

వార్సాలో ఫొటోల కోసం సెంట్రల్ స్టేషన్‌లో దిగకండి, ప్లాట్‌ఫారాలు భూమి కింద, చీకటి. తూర్పు స్టేషన్, వ్‌షొద్నియా, దాకా వెళ్తే ఆకాశం కనపడుతుంది. ఇంజను పక్కన నిలబడి తీసుకోవచ్చు, లోకో పైలట్ చాలాసార్లు చెయ్యూపుతాడు. సమయముంటే పాత వార్సా గ్వూవ్నా స్టేషన్‌లో ఉన్న రైల్వే మ్యూజియం చూడండి, జర్మన్ సైన్యం వాడిన సాయుధ రైలు పెట్టె ఒకటి ఉంది, దానికోసమే టికెట్ పెట్టొచ్చు.

రిజర్వేషన్ లేకుండా ఐసీ, టీఎల్‌కే ఎక్కకండి, సీటు నంబర్ తప్పనిసరి, రైల్లో కొంటే ఎక్కువ పడుతుంది. పోలండ్ యూనివర్సిటీ ఐడీ ఉండి 26 ఏళ్లు నిండకపోతే టికెట్ మీద 51 శాతం తగ్గింపు, ఇండియా కాలేజీ కార్డు చూపిస్తే టీసీ ఒప్పుకోడు. ఏ రైలుకి ఏ ఇంజను వస్తుందో రైల్వే అభిమానుల పేజీల్లో ముందురోజు కనుక్కోవచ్చు, గ్యారంటీ మాత్రం లేదు. ఎక్కేముందు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి నంబర్ చూసుకోండి, ఈయూ160 వచ్చి ఉంటే అదే గ్రిఫిన్. మొదటి పెట్టె సీటుకి పెట్టిన డబ్బు వృథా అయినట్టేమీ కాదు, కిటికీ తెరిచినా వినడానికి పెద్దగా ఏమీ ఉండదు, అంతే.