సైనిక సామగ్రి మరమ్మతు బాధ్యత: దళానికా, డిపోకా, తయారీ సంస్థకా?

ట్యాంకో, విమానమో, ఫిరంగో పాడైతే బాగుచేయవలసింది ఎవరన్న ప్రశ్నకు సైన్యాల అనుభవంలో ప్రధానంగా మూడు సమాధానాలు కనిపిస్తాయి: దాన్ని వాడే దళం, సైన్యం సొంత డిపో (పెద్ద మరమ్మతులు చేసే స్థిర కేంద్రం), దాన్ని తయారుచేసిన సంస్థ. ఈ మూడింటిని పోల్చేటప్పుడు చాలామంది ముందుగా ఖర్చు చూస్తారు. అంతకన్నా ముందు చూడవలసింది, బాధ్యత ఎవరికి అప్పగిస్తున్నామో వారి చేతిలో సాంకేతిక పత్రాలు, పనిముట్లు, విడిభాగాలు, నిర్ణయాధికారం ఉన్నాయా అన్నది. అవి లేనివారికి అప్పగించిన బాధ్యత కాగితం మీదనే ఉంటుంది.

దళం చేతిలో ఉండే మరమ్మతుకు అన్నిటికన్నా పెద్ద బలం వేగం. అమెరికా సైన్యంలో వాహనాన్ని నడిపే సిబ్బందే ప్రయాణానికి ముందు, ప్రయాణంలో, ఆ తరువాత నిర్ణీత తనిఖీలు చేయాలి. నూనె కారడం, ట్యాంకు చక్రాలను చుట్టి తిరిగే ఇనుప పట్టీ (ట్రాక్) వదులు కావడం వంటి లోపాలు మొదట వారి కంటబడతాయి కాబట్టి ఈ పనిని మరెవరికీ అప్పగించలేము. అమెరికా అబ్రామ్స్ ట్యాంకులో టర్బైన్ ఇంజనును, దాని శక్తిని చక్రాలకు అందించే ట్రాన్స్‌మిషన్‌ను కలిపి ఒకేసారి బయటికి తీసి, క్షేత్రంలోనే మరొకటి బిగించి, చెడినదాన్ని వెనక్కి పంపవచ్చు. 1973లో అరబ్ దేశాలతో జరిగిన యుద్ధంలో ఇజ్రాయెల్ మరమ్మతు దళాలు దెబ్బతిన్న ట్యాంకులను పోరాట ప్రాంతానికి దగ్గరలోనే సరిచేసి మళ్ళీ రంగంలోకి పంపగలిగాయి. అయితే కదిలే దళం తన వెంట మోసుకుపోగలిగిన పరికరాలు కొన్నే. వాటికి మించిన పనిని దళం మీద మోపితే సిబ్బందిని తప్పుపట్టడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

డిపోకు వేగం తక్కువ, లోతు ఎక్కువ. అలబామాలోని ఆనిస్టన్ డిపోలో అబ్రామ్స్ ట్యాంకును పూర్తిగా విప్పి, భాగాలన్నిటినీ పరీక్షించి, తిరిగి కొత్తదానిలా కూరుస్తారు. దీనికి చెల్లించే మూల్యం దూరం. ఉక్రెయిన్ వాడుతున్న జర్మన్ ఫిరంగులు పిజెడ్‌హెచ్ 2000లను పెద్ద మరమ్మతుల కోసం లిథువేనియాకో స్లొవేకియాకో పంపవలసి వచ్చినప్పుడు, రాకపోకలకు పట్టిన ప్రతి రోజూ ఆ ఫిరంగి రంగంలో లేని రోజే. ఇంకొక ఇబ్బంది, శాంతికాలంలో డిపో సామర్థ్యంలో కొంత ఖాళీగా ఉన్నట్టు కనిపించి, ఖర్చు తగ్గించేవారి దృష్టి ముందుగా దానిమీదనే పడుతుంది. యుద్ధం వచ్చాక ఆ నైపుణ్యాన్ని కొన్ని నెలల్లో తిరిగి పోగుచేయడం సాధ్యం కాదు. డిపో స్థాయి నిర్వహణ నిధుల్లో 50 శాతానికి మించి ప్రైవేటు కాంట్రాక్టర్లకు ఇవ్వరాదని అమెరికా చట్టం పరిమితి పెట్టడానికి ఈ భయమే ఒక కారణం. ఆ పరిమితి సమంజసమైనదని నా అభిప్రాయం.

తయారీ సంస్థకు అప్పగించడంలో ఆకర్షణ లేకపోలేదు. రూపకల్పన చేసిన ఇంజనీర్లు వారి దగ్గరే ఉంటారు. కొత్త యంత్రం తొలి ఏళ్ళలో చూపే లోపాలను వారికన్నా బాగా ఎవరూ పట్టుకోలేరు. ఎన్ని మరమ్మతులు చేశారన్నదాన్ని బట్టి కాక, ఎంత శాతం విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయన్నదాన్ని బట్టి డబ్బు చెల్లించే ఒప్పందం రాసుకుంటే సంస్థకు కూడా మన్నికైన భాగాలు ఇవ్వాలన్న శ్రద్ధ కలుగుతుంది. అయినా అమెరికా యుద్ధవిమానం ఎఫ్-35 అనుభవం గట్టిగా హెచ్చరిస్తోంది. నిర్వహణలో కాంట్రాక్టర్ల మీద ఎక్కువగా ఆధారపడిన ఆ విమానాల్లో, 2023 మార్చి నాటికి పనికి సిద్ధంగా ఉన్నవి సుమారు 55 శాతమేనని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం తెలిపింది. డిపోల ఏర్పాటు ఆలస్యమై 10,000కు పైగా భాగాలు మరమ్మతు కోసం ఎదురుచూస్తున్నాయని, సాంకేతిక సమాచారం సైన్యానికి తగినంత అందుబాటులో లేదని అదే నివేదిక చెప్పింది. పత్రాలు లేనందున, బాధ్యతను తిరిగి తీసుకుందామన్నా అంత తేలిక కాదు. సొంత సామగ్రిని తామే బాగుచేసుకునే హక్కు కాంట్రాక్టుల్లో ఉండాలని 2025లో అమెరికా రక్షణ మంత్రి తమ సైన్యానికి ఆదేశించవలసి రావడం ఈ చిక్కు ఎంత ముదిరిందో తెలుపుతుంది.

ముగ్గురికీ కలిపి అప్పగిస్తే సరిపోతుందన్న వాదన ఇంకా ప్రమాదకరం. 2006లో అఫ్ఘానిస్థాన్‌లో బ్రిటన్ నిమ్రాడ్ నిఘా విమానం ఎక్స్‌వీ230 మంటల్లో చిక్కుకుని 14 మంది మరణించారు. కారిన ఇంధనం వేడి గాలి గొట్టాన్ని తాకడమే కారణమని భావించారు. ఆ విమానపు భద్రతా విశ్లేషణను ఒక సంస్థ తయారుచేయగా మరొకటి సలహా ఇచ్చింది, రక్షణశాఖ బృందం ఆమోదించింది. 2009 నాటి సమీక్ష ముగ్గురినీ తప్పుపట్టింది. ప్రతివారూ పక్కవారు చూసే ఉంటారనుకున్న చోట ఎవరూ చూడలేదు.

అందుచేత నా ఎంపిక ఇలా ఉంటుంది. రోజువారీ తనిఖీ, భాగాల మార్పిడి దళానికే ఉండాలి. పూర్తి పునర్నిర్మాణం సైన్యం సొంత డిపోకు ఉండాలి. తయారీ సంస్థకు రూపకల్పన మార్పులు, తొలి ఏళ్ళ తోడ్పాటు అప్పగించి, ఆ తోడ్పాటుకు ముగింపు తేదీ ముందే రాసుకోవాలి. సొంత డిపో నడపలేని చిన్న సైన్యానికి సంస్థపై ఆధారపడక తప్పదు, అయినా ఈ షరతులు దానికి మరింత అవసరం: కొనుగోలు ఒప్పందంలోనే సాంకేతిక చిత్రపటాలు, పరీక్షా పరికరాలు, విడిభాగాల తయారీ హక్కు చేర్చుకోవాలి, ప్రతి సామగ్రి రకానికి భద్రత విషయంలో సంతకం చేసే అధికారి ఒక్కరే ఉండాలి. బేరమాడే శక్తి సంతకానికి ముందే ఉంటుంది. యంత్రాలు చేతికొచ్చాక వీటిని అడిగితే సంస్థ చెప్పిన ధరే ఇవ్వవలసి వస్తుంది.