నీట్ లాంగ్ టర్మ్: పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు కోచింగ్ సెంటర్ చేతిలో పెట్టకండి

ఎంబీబీఎస్ సీటు కోసం నీట్ మళ్లీ రాయించాలని పిల్లల్ని లాంగ్ టర్మ్‌లో, అంటే ఏడాది కోచింగ్‌లో చేర్చబోతున్న తల్లిదండ్రులు దయచేసి ఇది చదవండి. నిన్న సాయంత్రం జరిగిన సంగతి. రాత్రంతా నిద్ర పట్టలేదు, కోపం ఇంకా దిగలేదు. ఆ సెంటర్ పేరు రాయను. పెద్ద ఫ్లెక్సీలు, ర్యాంకుల ఫోటోలు, ఏసీ ఆఫీసు, మీరందరూ చూసిన బాపతే.

2025 మే 4న పరీక్ష. ఫిజిక్స్ దెబ్బకు మా అమ్మాయి ఏడుస్తూ బయటికి వచ్చింది. జూన్ 14న ఫలితాలు వచ్చాయి, 720కి 450 పైచిలుకు మార్కులు. ఆ మధ్యాహ్నమే సెంటర్ నుంచి ఫోను. "ఈ మార్కులకు సీటు రాదక్కా, పోయిన ఏడాది కటాఫ్ చూడండి. ఒక్క సంవత్సరం పిల్లను మాకు అప్పగించండి" అన్నాడు.

పోయిన ఏడాది కొలతతో ఈ ఏడాది మార్కులను కొలవకూడదని నాకు తట్టలేదు. 2024లో సవరించిన ఫలితాల తరువాత కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశం మొత్తంలో మొదటి ర్యాంకుకు వచ్చినవి 686. పేపరు అంత కఠినంగా ఉంటే అందరి మార్కులూ పడిపోతాయి, సీటు దొరికే మార్కు కూడా కిందికి దిగుతుంది. చూసుకోవలసింది ర్యాంకు. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్న మనిషికి ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను.

నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. అప్పటికి సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ మొదలే కాలేదు. అది అయ్యేదాకా ఆగి ఉంటే సరిపోయేది. బ్యాచ్ నిండిపోతుందని అతను తొందరపెట్టాడు, నేను భయపడ్డాను.

హాస్టల్‌తో కలిపి లక్షా అరవై వేలు. లక్ష అప్పుడే కట్టాం. "ఒకవేళ సీటు వస్తే?" అని అడిగాను. "వస్తే స్వీట్లు పెట్టి పంపిస్తాం అక్కా, చదవని నెలల డబ్బు వాపసు ఇస్తాం" అన్నాడు. కాగితం మీద రాయించుకోలేదు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, అన్నీ ఒరిజినల్సే తీసుకుని ఫైలులో పెట్టుకున్నారు.

మూడు నెలలు తిరిగాయి. ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. ఏ మార్కులకు సీటు రాదన్నాడో ఆ మార్కులకే వచ్చింది! మరుసటి రోజు సాయంత్రంలోగా ఒరిజినల్స్‌తో కాలేజీలో రిపోర్ట్ చేయాలి. తల్లీకూతుళ్లం పరుగున వెళ్లాం.

అదే మనిషి, అదే కుర్చీ. ఫోను మీద నుంచి తల ఎత్తలేదు. "చూడండి మేడం, మిగతా అరవై వేలు కట్టి ఫైలు తీసుకెళ్లండి" అన్నాడు. జూన్‌లో అక్కా అన్న నోరే అది. వాపసు మాట ఎత్తితే దరఖాస్తు వెనక వైపు తిప్పి, నా సంతకం పైన చీమ తలకాయలంత అక్షరాలను వేలితో చూపించాడు. మధ్యలో మానేసినా పూర్తి ఫీజు చెల్లించాలట. అతని వెనక బీరువాలో పచ్చ అట్ట ఫైలు మీద మా అమ్మాయి పేరు నాకు కనిపిస్తూనే ఉంది. పదడుగుల దూరం. చేయి చాపితే అందేలా ఉంది, తీసుకోవడానికి లేదు.

ఆ తరువాత అన్న మాట నేను మరచిపోలేను. "పాప ఫోటో ఇచ్చి, మా దగ్గరే చదివినట్టు సంతకం పెడితే పదివేలు తగ్గిస్తాం."

తను సొంతంగా రాసిన పరీక్ష అది. అప్పటికి ఆ సెంటర్ గుమ్మం కూడా తొక్కలేదు. నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయే "నా ఫోటో ఇవ్వను సార్" అంది. ఆ మాట చెప్పేటప్పుడు దాని గొంతు వణికింది, నాకు కడుపు తరుక్కుపోయింది. మా తమ్ముడికి ఫోను చేసి, డబ్బు వేయించుకుని, అరవై వేలూ కట్టి ఫైలు తీసుకున్నాం. ఈ రోజు సీటు ఖాయమైంది.

ఇంటికి వచ్చాక తెలుసుకున్నాను. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే, మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలని అందులో ఉంది, హాస్టల్, మెస్ డబ్బుతో సహా. విద్యార్థి ఫోటోను ప్రకటనల్లో వాడాలంటే, ఎంపికైన తరువాత రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని 2024 నవంబరులో వచ్చిన వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే సంతకం అడిగాడు, అందుకే పదివేలు.

చెప్పవలసింది కొంచెమే. కౌన్సెలింగ్ విడతలన్నీ ముగిసేదాకా మొత్తం ఫీజు కట్టకండి. చేరడం తప్పదనుకుంటే నెలవారీగా కడతామని అడగండి. జిరాక్సులు మాత్రమే ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. వాపసు మాట రాతలో ఉండాలి.

ఈ రోజు ఉదయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. రసీదులు, ఆ దరఖాస్తు జిరాక్సు దగ్గర పెట్టుకున్నాను. ఇలాంటి ఏ సెంటర్లోనైనా మీ పిల్లల ఫైలు ఇంకా ఉంటే, రేపే వెళ్లి అడగండి.