వీధిలో రంగులు వేయాలంటే గోడ మేలా, నేల మేలా?

పోయిన ధనుర్మాసంలో నెలగంట పెట్టిన వారానికి మా వీధి ఆడవాళ్లం కలిసి ఫుట్‌పాత్ మీద రంగుల ముగ్గులు వేశాం. అప్పట్నుంచి నెల్లూరులో ఎవరు కనిపించినా అదే అడుగుతున్నారు: "మా వీధిలో స్కూలు గోడకి బొమ్మలు వేయిద్దామా, మీలాగా నేల మీద వేద్దామా?"

గోడ బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. దాని కింద చెత్త పోయడానికీ జనం కాస్త వెనకాడతారు. కానీ బైకులు మాత్రం ఆ గోడకే ఆనించి పెడతారు.

నాకు ముఖ్యం ఒక్కటే: రంగులు వేశాక ఫుట్‌పాత్ ఖాళీ అవుతుందా, కాదా? రోడ్లకి ప్రమాణాలు పెట్టే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలి. బైకులు, టీ బంకులు, ఫ్లెక్సీలు పోగా మనకి మూరెడు మిగిలితే గొప్ప. అందుకే బడి పిల్లలు బ్యాగులు మోసుకుంటూ బస్సుల పక్కన నడుస్తున్నారు.

ముగ్గు తొక్కాలంటే మనవాళ్లకి మనసొప్పదు. మా వీధి కిరాణా కొట్టాయన తన కూతురు వేసిన తామరపువ్వు మీద బస్తాలు దించనివ్వడం లేదు. పెయింటరుకి డబ్బులిచ్చి వేయించి ఉంటే ఇది జరిగేది కాదు. అందుకే నా ఓటు నేలకే, అదీ ఆ వీధి వాళ్ల చేత్తోనే. మెరిసే ఆయిల్ పెయింటు మాత్రం వద్దు, తడిస్తే పెద్దవాళ్లు జారిపడతారు. రంగులో సన్న ఇసుక కలపండి. కార్తీకం వానలు వెనక్కి తగ్గాకే మొదలుపెట్టండి.

మూడోది, వీధి మలుపులో రోడ్డు మీదే రంగులు వేయడం. అమెరికాలో 17 చోట్ల ఇలా వేసి చూస్తే నడిచేవాళ్లకీ సైకిళ్లకీ జరిగే ప్రమాదాలు సగానికి తగ్గాయని 2022లో ఒక అధ్యయనం వచ్చింది. మంచి పనే, కాకపోతే కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసుల అనుమతి ఉండాలి. రోడ్డు గీతల్లో కలిసిపోయే తెలుపు, పసుపు వాడకూడదు. దిమ్మెల్లా పైకి లేచినట్టు కనిపించే త్రీడీ జీబ్రా గీతల సంగతంటారా, రోజూ అదే దారిలో వెళ్లేవాడికి వారంలో అలవాటైపోతుంది.

ఈసారి స్కూలు మలుపు కోసం అర్జీ రాస్తున్నాం. అనుమతి వచ్చినా రాకపోయినా, నెలగంట పెట్టగానే పాత ముగ్గులకి మళ్లీ రంగు వేస్తాం. కొట్టాయన ఇసుక తెప్పిస్తానన్నాడు.