దసరా రాత్రి శంషాబాద్‌లో, ఓక్ ఫన్సా రాత్రి బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో

2025లో దసరా అక్టోబర్ 2న పడింది. గాంధీ జయంతి కూడా అదే రోజు. తెలంగాణలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ ఇబ్బంది ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. దసరా అంటే పాలపిట్టను చూడటం, జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకోవడం, మధ్యాహ్నం మటన్, సాయంత్రం పెద్దవాళ్ళకి ఒక గ్లాసు. గాంధీ జయంతి అంటే వైన్ షాపులు బంద్, హైదరాబాద్‌లో మాంసం దుకాణాలూ బంద్. మా అక్క ముందురోజే మటన్ తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టింది. బావ మాత్రం సీసా తెచ్చుకోలేదు. "రాత్రికి ఎయిర్‌పోర్టులోనే ఉంటాం కదా, అక్కడ చూసుకుందాంలే" అన్నారు. ఆ ధైర్యం ఆయనకి ఇచ్చింది నేనే.

బావ సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకీ అక్కకీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. నేను, మా ఆవిడ, వాళ్ళిద్దరు, మొత్తం నలుగురం బ్యాంకాక్ వెళ్ళాం. రిటైరయ్యాక వచ్చిన మొదటి దసరా కదా, విమానం ఎక్కేముందు బావని ఎయిర్‌పోర్టు లాంజ్‌లో, అంటే విమానం వేళ దాకా కూర్చుని తినే చోట, కూర్చోబెట్టి మర్యాద చేద్దామని ఒక బుకింగ్ యాప్‌లో మా ఇద్దరికీ డ్రింక్స్ కలిసిన ప్యాకేజీ కొన్నాను. అక్కకీ మా ఆవిడకీ బ్యాంకు కార్డుల మీద వచ్చే మామూలు ఎంట్రీ సరిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మా విమానం అర్ధరాత్రి దాటాక, కాబట్టి టికెట్ మీద తేదీ 3. లాంజ్‌లో కూర్చునేది మాత్రం 2వ తేదీ రాత్రి పది నుంచి. నా బుర్రలో మొదటి నుంచీ 3వ తేదీయే ఉండిపోయింది. యాప్‌కి ఆ సాకు లేదు. నేను ఎంచుకున్నది 2వ తేదీ రాత్రి పది గంటల స్లాట్, అది ఒప్పుకుని డబ్బు తీసుకుంది. డ్రై డే, అంటే మద్యం అమ్మకూడని రోజు, అన్న మాట ఎక్కడా చూపించలేదు.

లాంజ్ గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మాయి మా బుకింగ్ చూడగానే స్కాన్ చేయకుండా ఆగింది. "సర్, ఇవాళ డ్రై డే. బార్ కౌంటర్ మూసేశాం. మీరు తీసుకున్న ప్యాకేజీలో డ్రింక్స్ ఇవ్వలేం. లోపలికి వెళ్తారా, లేక యాప్‌వాళ్ళతో మాట్లాడతారా?" అని అడిగింది. పన్నెండు దాటితే తీస్తారా అని అడిగాను. లేదు, రేపు మామూలు వేళకే అంది. ఆ అమ్మాయి చేసింది పెద్ద మేలని నాకు తర్వాత అర్థమైంది. కోడ్ ఒకసారి స్కాన్ చేశాక వాడుకున్నట్టే లెక్క. ఆమె ముందే చెప్పింది కాబట్టి నేను అక్కడే నిలబడి యాప్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయగలిగాను. ఇరవై నిమిషాలు పట్టుకుంటే "మా రికార్డులో లాంజ్ తెరిచే ఉంది సర్" అన్నారు. లాంజ్ తెరిచే ఉంది, నిజమే. నేను అదనంగా డబ్బు కట్టింది దేనికో అది మాత్రం లేదు. బావ వెనక నిలబడి "పోనీలే బామ్మర్దీ, టెన్షన్ పడకు, లోపలికి పోదాం" అంటుంటే నాకు ప్రాణం చివుక్కుమంది. ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. అడగకుండానే చేద్దామనుకున్న ఒక్కటీ ఇలా అయింది.

లాంజ్ సంగతి చెప్పాలంటే, తిండి బాగుంది. బగారా అన్నం వేడిగా ఉంది, పప్పు రుచిగా ఉంది, పెరుగన్నంలో దానిమ్మ గింజలు కూడా వేశారు. కుర్చీలు మెత్తగా ఉన్నాయి కానీ ఛార్జింగ్ పాయింట్లలో సగం పనిచేయలేదు. పండుగ రాత్రి కావడంతో జనం ఎక్కువ, ప్లేట్లు తీసేవాళ్ళు తక్కువ. బార్ కౌంటర్ మీద తెల్లటి గుడ్డ కప్పి, పక్కన చిన్న బోర్డు పెట్టారు. ఆ బోర్డు గుమ్మం బయట ఉండాల్సింది. మేమున్న రెండు గంటల్లో కనీసం పదిమంది కౌంటర్ దాకా వెళ్ళి, బోర్డు చదివి, వెనక్కి తిరిగారు.

ఆ నియమం మీద నాకు కోపం లేదు. మా ఆవిడ పుట్టిల్లు నెల్లూరు జిల్లాలో కలిగిరి వైపు. 1992లో సారాకి ఎదురు తిరిగిన దూబగుంట ఆ మండలంలోదే. మా అత్తగారు ఆ రోజులు కళ్ళారా చూసిన మనిషి. రాత్రిబడిలో చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం ముందు కూర్చుంటే మొత్తం రాష్ట్రం కదిలింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళకి దాన్ని ఎత్తేశారు. ఆ రాత్రి లాంజ్‌లో మా ఆవిడ ఒక్క మాటే అంది: "ఏడాదికి మూడు రోజులు ఆగితే ఏమవుతుందండీ?" నిజమే. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2. మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం, కాబట్టి ఎయిర్‌పోర్టు ఎంత పెద్దదైనా, ఎన్ని దేశాల విమానాలు దిగినా, శంషాబాద్‌లోని బార్ కౌంటర్ తెలంగాణ ఎక్సైజ్ నియమం కిందే ఉంటుంది. ఎయిర్‌పోర్టు అంటే ఏదో వేరే లోకం అనుకోవడం నా పొరపాటు. నా ఫిర్యాదు అంతా ఆ రోజున ఆ సరుకుని అమ్మినవాళ్ళ మీదే.

విమానంలో బావకి ఒక బీరు దొరికింది. అప్పటికి బంగాళాఖాతం మీద ఉన్నాం, తేదీ కూడా 3 అయింది. దేశంలో లోపల తిరిగే విమానాల్లో మద్యం ఇవ్వరు గానీ అంతర్జాతీయ విమానాల్లో ఇస్తారు. "దసరా దాటినంక దసరా" అని ఆయన నవ్వారు. నాకు అది సరిపోలేదు, ఆయనకి సరిపోయింది.

బ్యాంకాక్‌లో మొదటి రెండు రాత్రులు సుఖుమ్‌విత్‌లో, మెట్రో స్టేషన్‌కి దగ్గరగా, రోజుకి 1,800 బాత్‌ల గది తీసుకున్నాం. తిరగడానికి అంతకంటే అనువైన చోటు లేదు. నిద్రకి మాత్రం పనికిరాదు. కింద వీధిలో బార్ల పాటలు రాత్రి రెండు దాకా వినిపిస్తూనే ఉన్నాయి. అక్క రెండో రోజే చెవుల్లో దూది పెట్టుకుంది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు, స్టేషన్‌కి పది నిమిషాలు ఎక్కువ నడిచినా సరే లోపలి సందుల్లో గది చూసుకోవడం మేలు.

దిగిన రోజు మధ్యాహ్నం రెండుంపావుకి సెవెన్ ఎలెవన్‌కి నీళ్ళ సీసాల కోసం వెళ్ళాం. బావ ఒక బీరు డబ్బా కూడా పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టారు. అమ్మాయి నవ్వుతూ గడియారం చూపించి, డబ్బా వెనక్కి తీసుకుంది. మేం వెళ్ళినప్పటికి థాయ్‌లాండ్ దుకాణాల్లో మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా మద్యం అమ్మకూడదన్న నియమం ఉంది. 1972 నాటిదట. అంత విచ్చలవిడిగా కనిపించే ఊళ్ళో ఇంత గట్టి నియమం ఉండటం, ఆ అమ్మాయి దాన్ని అంత మామూలుగా పాటించడం నాకు నచ్చాయి.

చివరి రెండు రాత్రులకి చావో ఫ్రాయా నది పక్కకి, సఫాన్ తాక్సిన్ దగ్గరికి మారాం. రోజుకి 3,200 బాత్. ఖరీదు ఎక్కువే, ఒక్క రూపాయి కూడా వృథా అనిపించలేదు. పడవ రేవు దగ్గర, వాట్ అరుణ్, వాట్ ఫో ఆలయాలు రెండింటికీ పడవ మీదే వెళ్ళొచ్చు. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుడి పాదాల దగ్గర అక్క చాలాసేపు నిలబడింది. అరికాళ్ళలో ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలున్నాయి. "మన నూట ఎనిమిదే" అంది. ఫాహురత్‌లో ఒక సిక్కు కుటుంబం హోటల్లో రోటీ, పప్పు తిన్నాక బావకి కూడా ప్రాణం లేచొచ్చింది.

అసలు మాట ఇక్కడుంది. 6వ తేదీ రాత్రి పడవ దిగి గదికి వచ్చేసరికి తలుపు కింద నుంచి ఒక చీటీ లోపలికి పెట్టి ఉంది. నాలుగు వాక్యాలు. రేపు ఓక్ ఫన్సా. బౌద్ధులకి పవిత్రమైన రోజు. బయట దుకాణాల్లో, చిన్న హోటళ్ళలో మద్యం దొరకదు. మా రెస్టారెంట్లో ఇస్తాం, ఎయిర్‌పోర్టులో కూడా దొరుకుతుంది, దయచేసి ఆ ప్రకారం చూసుకోండి. అంతే. మేం బార్ గురించి అడగలేదు, ఆ హోటల్లో ఒక్క గ్లాసు కూడా తాగలేదు. అయినా చెప్పారు.

ఓక్ ఫన్సా అంటే వానాకాలపు మూడు నెలల వర్షావాసం ముగిసే పౌర్ణమి. మన చాతుర్మాస్యం లాంటిదే. ఆ మూడు నెలలు భిక్షువులు ఒకే ఆరామంలో ఉంటారు, మామూలు జనంలో కూడా చాలామంది తాగుడు మానేస్తారు. పంచశీలలో ఐదోది సురాపానం వద్దనే కదా. మాఖ బుచ్చ, విశాఖ బుచ్చ, ఆసాళ్హ బుచ్చ, ఖావ్ ఫన్సా, ఓక్ ఫన్సా, బౌద్ధుల ఈ ఐదు పవిత్ర దినాల్లోనూ, మేం వెళ్ళినప్పటికి, మద్యం అమ్మకం మీద నిషేధం ఉంది. ఓక్ ఫన్సా ప్రభుత్వ సెలవు కాదు. బ్యాంకులు తెరిచే ఉంటాయి, ఆఫీసులు నడుస్తాయి. సెలవుల జాబితా చూసుకుని వెళ్ళేవాళ్ళకి ఆ రోజు ఎక్కడా కనబడదు. ఆ చీటీ లేకపోతే మాకూ తెలిసేది కాదు. 2025 మే నెలలో, విశాఖ బుచ్చకి ముందు, అంతర్జాతీయ విమానాశ్రయాలకీ హోటళ్ళకీ మినహాయింపు ఇచ్చారు. హోటల్ కుర్రాడు ఫోన్‌లో ఆ వార్త తెరిచి చూపించాడు.

7న ఉదయం దగ్గర్లో ఉన్న వాట్‌కి వెళ్ళాం. తెల్ల బట్టల్లో వచ్చిన ముసలమ్మలు తామర మొగ్గల రేకులు మడుస్తూ కూర్చున్నారు. ఒకావిడ అక్కని పిలిచి ఎలా మడవాలో చూపించింది. మాటలు లేవు, చేతులే. అక్క నాలుగు మొగ్గలు మడిచి అక్కడే పెట్టి వచ్చింది. దారిలో సెవెన్ ఎలెవన్‌లో బీరు ఫ్రిజ్ మీద పెద్ద కాగితం అంటించి ఉంది. బావ దాన్ని చూసి తల ఊపి ముందుకి నడిచారు.

సాయంత్రం ఫయా థాయ్ నుంచి ఎయిర్‌పోర్ట్ రైలు ఎక్కాం. మనిషికి 45 బాత్, అరగంటలోపే సువర్ణభూమి. ఆ వేళ రోడ్డు మీద ట్యాక్సీలో పడితే ఎంతసేపో చెప్పలేం. పెద్ద పెట్టెలున్నవాళ్ళకి ఎస్కలేటర్ల దగ్గర కాస్త కష్టమే, అయినా రైలే నయం. ఇమిగ్రేషన్ దాటగానే క్షీరసాగర మథనం శిల్పం. దేవతలు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క, నడుమ వాసుకి. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరాయి దేశంలో మన కథ అంత ఎత్తున నిలబడి ఉంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

అక్కడి లాంజ్ మన లాంజ్ కన్నా ఇరుకు. తిండిలో మనకి పనికొచ్చేవి తక్కువ, అన్నం, ఉడికించిన కూరగాయలు, పండ్లు. శుభ్రత మాత్రం చాలా బాగుంది, ప్లేటు పక్కన పెట్టిన నిమిషంలో తీసేస్తున్నారు. బార్ తెరిచే ఉంది. రిసెప్షన్‌లో ఆవిడ కార్డు తీసుకునేముందే "ఇవాళ ఓక్ ఫన్సా, అయినా ఇక్కడ డ్రింక్స్ ఉన్నాయి" అని చెప్పింది. అడగకుండానే. బావకి ఒక గ్లాసు తెచ్చివ్వనా అన్నాను. కాసేపు ఆలోచించి, "పొద్దున ఆ ముసలమ్మలని చూసినం కదా, ఇయ్యాల వద్దులే" అని నిమ్మగడ్డి టీ తెచ్చుకున్నారు. డ్యూటీ ఫ్రీలో మాత్రం ఒక సీసా కొన్నారు, దసరాకి కలవలేకపోయిన తమ్ముడి కోసం. మనిషికి 2 లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు.

రెండు లాంజ్‌లలో ఏది మేలంటే, తిండికి, కుర్చీకి శంషాబాదే. నమ్మకానికి సువర్ణభూమి. అక్కడ మినహాయింపు ఉంది కాబట్టి అలా అనడం లేదు. బార్ మూసి ఉన్నా ఆవిడ అదే గొంతుతో ముందే చెప్పేదని నాకు గట్టిగా అనిపించింది. శంషాబాద్‌లో ఆ అమ్మాయి కూడా ముందే చెప్పింది. చెప్పనిది యాప్ ఒక్కటే.

ఇలా ప్యాకేజీలు కొనేవాళ్ళు విమానం తేదీ కాకుండా లాంజ్‌లో అడుగుపెట్టే గంట చూసుకోండి. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే వేళకి ముందు 48 గంటలు, ఓట్ల లెక్కింపు రోజు కూడా బంద్ ఉంటుంది. కేరళలో ప్రతి నెలా 1వ తేదీ డ్రై డే, కొచ్చి మీదుగా వెళ్ళేవాళ్ళు ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. గుజరాత్, బీహార్‌లలో ఏడాది పొడవునా నిషేధమే, అక్కడ మామూలు ఎంట్రీకి మించి ఏదీ కొనొద్దు.

యాప్ నుంచి పన్నెండు రోజులకి మెయిల్ వచ్చింది. మీకు శీతల పానీయాలు అందుబాటులో ఉన్నాయి కాబట్టి రీఫండ్ కుదరదని. నేను రెండో మెయిల్ పెట్టాను. డ్రై డే తేదీల్లో ఆ ప్యాకేజీ అమ్మకం ఆపమని, లేదా కొనేచోట ఒక్క వాక్యం రాయమని అడిగాను. ఆ వాక్యం ఎలా ఉండాలో తెలియడానికి బ్యాంకాక్ హోటల్ చీటీ ఫోటో జతచేశాను.